మైక్రోఇన్వర్టర్ల సోలార్‌కి వైరింగ్ ప్లాన్ మీటర్ దగ్గర మొదలుపెట్టండి

మీ ప్రశ్న: హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు, సింగిల్ ఫేజ్, డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఒక్కోదానికి ఒక మైక్రోఇన్వర్టర్ (ప్యానెల్ కిందే ఉండి దాని డీసీ కరెంటును ఇంటి ఏసీగా మార్చే చిన్న పెట్టె). కేబుళ్లు ఏ సైజువి, ఎలా లాగాలి?

ముందు టేపు పట్టుకుని కింద మీటర్ దగ్గర నిలబడండి. గోడ వెంబడి డాబా దాకా, అక్కణ్ణుంచి ప్యానెళ్ల దాకా వైరు నిజంగా వెళ్లే దారిని కొలవండి. ఇలాంటి ఇళ్లలో 30 మీటర్లు సులభంగా వస్తుంది. ఆ అంకె తెలియకుండా కేబుల్ సైజు చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

ఒక్కో ఇన్వర్టర్ 480 వీఏ (వోల్ట్-ఆంపియర్, ఇక్కడ వాట్ల లాంటిదే) అనుకుంటే ఆరింటికి 230 వోల్టుల దగ్గర 12.5 ఆంపియర్లు. ఎలక్ట్రీషియన్ వెంటనే "2.5 స్క్వేర్ ఎంఎం చాలు సార్" అంటాడు. వైరు వేడెక్కదన్నంత వరకు ఆయన మాట నిజమే. కానీ ఇక్కడ లెక్క ఆంపియర్లది కాదు, వోల్టేజ్‌ది. ఇంట్లో మోటారుకు వైరు లాగితే చివర్లో వోల్టేజ్ తగ్గుతుంది. సోలార్‌లో ఇన్వర్టర్లు కరెంటును పైనుంచి కిందికి తోస్తాయి కాబట్టి డాబా మీద వోల్టేజ్ మీటర్ దగ్గరకంటే ఎక్కువుంటుంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పన్నెండున్నర ఊహించుకోండి. ఎండ బాగుంది, ప్యానెళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి, వీధిలో ఏసీలు మొదలవలేదు, అందరూ ఆఫీసుల్లో ఉన్నారు. పక్క రెండిళ్ల మీద కూడా సోలార్ ఉంది. మీ మీటర్ దగ్గర 248 వోల్టులు. 30 మీటర్ల 2.5 వైరు వేడి మీద దాదాపు 6 వోల్టులు కలుపుతుంది. అంటే డాబా మీద 254. మన దేశంలో ఇన్వర్టర్లు 230కి పది శాతం పైన, అంటే 253 దాటితే గ్రిడ్ (వీధి కరెంటు లైన్) నుంచి విడిపోవాలి. ఒకటి ఆగుతుంది, రెండోది ఆగుతుంది, కరెంటు తగ్గి వోల్టేజ్ దిగుతుంది, కాసేపటికి మళ్లీ కలుస్తాయి, మళ్లీ ఆగుతాయి. యాప్‌లో గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది. రోజులో బాగా పండే గంటల్లోనే పంట పోతుంది. అదే దారిలో 6 స్క్వేర్ ఎంఎం రాగి వేస్తే పెరిగేది రెండున్నర వోల్టులే, డాబా మీద 250.5 దగ్గర హాయిగా నడుస్తాయి. 4 వేస్తే మూడున్నర పైన. 30 మీటర్లకు నా ఓటు 6కే. 15 మీటర్లలోపైతే 4 సరిపోతుంది.

దీనికి విరుగుడుగా కొందరు ఇన్‌స్టాలర్లు సెట్టింగ్‌లో వోల్టేజ్ పరిమితి పెంచేస్తున్నారు. ఇది చాలా తప్పు. ఆ ఎక్కువ వోల్టేజ్ మీ ఫ్రిజ్‌కీ, పక్కింటి టీవీకీ కూడా తగులుతుంది. మీటర్ దగ్గరే ఎప్పుడూ 250 కనిపిస్తుంటే డిస్కమ్‌కు (కరెంటు పంపిణీ సంస్థకు) రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (దాని వోల్టేజ్ ఎక్కువతక్కువలు సరిచేసే అమరిక) చూడమనండి. కొటేషన్ల సంగతి మరీ బాధ. ప్యానెల్ బ్రాండు, వారంటీ, సబ్సిడీ 78,000 అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి, కేబుల్ దగ్గర "యాజ్ పర్ సైట్" అని ఉంటుంది. రాగి, 6 స్క్వేర్, ఇన్ని మీటర్లు అని రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఇక డాబా మీద. ట్రంక్ కేబుల్ అంటే మైక్రోఇన్వర్టర్లన్నీ తగిలించే కనెక్టర్ల కేబుల్. కిందికి వెళ్లే వైరును దాని ఒక చివర్నుంచి కాకుండా మధ్య నుంచి తీయండి: జంక్షన్ బాక్స్ మధ్యలో, అటు మూడు, ఇటు మూడు. ఒక్కో వైపు కరెంటు సగం, దూరం సగం, ట్రంక్‌లో పెరిగే వోల్టేజ్ దాదాపు నాలుగో వంతు. ఆర్డరు ఇచ్చేముందే ప్యానెళ్లు నిలువా అడ్డమా తేల్చండి. 540 వాట్ల ప్యానెల్ సుమారు 1.13 మీటర్ల వెడల్పు, 2.28 పొడవు. నిలువుకు కొన్న ట్రంక్‌లో కనెక్టర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. నీళ్ల ట్యాంకు నీడ పడుతోందని చివర్లో అడ్డంగా తిప్పితే అవి అందవు, అప్పుడు కోసి టేపు చుట్టడం మొదలవుతుంది. రెండు చివర్లకూ కంపెనీ టెర్మినేటర్లే (కేబుల్ చివర్ను మూసే బిరడాలు) పెట్టాలి, వాడని కనెక్టర్‌కు మూత ఉండాలి. ఒక్క మూత మరిస్తే మొదటి పెద్ద వానకే నీరు దిగి మొత్తం బ్రాంచి ట్రిప్ అవుతుంది. కేబుల్‌ను స్లాబు మీద పడేయకుండా రెయిలు కింద స్టీల్ క్లిప్పులతో బిగించండి. ప్లాస్టిక్ టైలు రెండు వేసవుల్లో పెళుసెక్కుతాయి, వేలాడే వైరు కోతికి కనబడితే ఇక చెప్పనక్కర్లేదు. కొన్ని మోడళ్ల ట్రంక్‌లో ఎర్త్ వైరే ఉండదు. ఫ్రేములకీ స్ట్రక్చర్‌కీ ఎర్త్ ఎలాగూ విడిగా లాగాల్సిందే.

సోలార్ లైన్‌కు ఎంసీబీ (ట్రిప్ అయ్యే స్విచ్) 20 ఆంపియర్లది తీసుకోండి. ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీల లెక్క. పడమటి గోడ మీద ఇనుప డబ్బాలో మే నెల మధ్యాహ్నం లోపలి వేడి అంతకు రెట్టింపు ఉండొచ్చు, 16ది ఊరికే పడిపోవచ్చు. డబ్బాను నీడలో పెట్టించండి, అందులోనే సర్జ్ ప్రొటెక్షన్ (పిడుగుల్లాంటి వాటివల్ల వచ్చే వోల్టేజ్ ఉప్పెన నుంచి కాపాడే పరికరం) కూడా ఉండాలి.

ఆఖరుగా, ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే సోలార్ వైరు దాని అవుట్‌పుట్ లైన్‌లో కలవకుండా చూసుకోండి. దగ్గరగా ఉందని చాలామంది అక్కడే కలిపేస్తారు. కరెంటు పోయినప్పుడు మైక్రోఇన్వర్టర్లు బ్యాటరీ ఇన్వర్టర్‌ను గ్రిడ్ అనుకుని దానిలోకే కరెంటు తోస్తే దాని లోపలి బోర్డు కాలిపోవచ్చు. సోలార్ లైన్ సొంత ఎంసీబీతో, మెయిన్ స్విచ్ దగ్గరే కలవాలి.