బైపాస్ పక్కనా, బస్టాండు దగ్గరా? ఆఫీసు మార్చేముందు చూడాల్సినవి

ప్రశ్న: మాది కోస్తాలో ఒక మున్సిపల్ కార్పొరేషన్. రెవెన్యూ, టౌన్ ప్లానింగ్ సెక్షన్లున్న పాత భవనం పెచ్చులూడిపోతోంది, ఖాళీ చేయాల్సిందేనని ఇంజినీర్లు రాసిచ్చేశారు. సొంత భవనం లేచేదాకా అయిదేళ్లు అద్దెకు ఉండాలి. మూడు చూశాం. ఒకటి బైపాస్ మీద కొత్త కాంప్లెక్సు. ఓనరు లెక్కలో 10,000 చదరపు అడుగులు, అడుగు 24 రూపాయలు, పార్కింగ్ బోలెడు, కానీ కొలిస్తే లోపల వాడుకకు వచ్చేది 7,000 అడుగులే. రెండోది ఊరి మధ్యలో స్టిల్టు మీద అయిదంతస్తుల అపార్ట్‌మెంటు, కట్టినప్పటి నుంచి ఖాళీ, అడుగు 20కే ఇస్తామంటున్నారు. మూడోది బస్టాండు నుంచి నడిచి వెళ్లే దూరంలో ఒకప్పుడు బ్యాంకు ఉన్న భవనం, గ్రౌండు ఫ్లోరు, పైన ఇంకో అంతస్తు. 8,000 అడుగులకు 36 చొప్పున అడుగుతున్నారు, వాడుకకు 7,200 వస్తుంది. రోజుకు సుమారు 150 మంది జనం వస్తారు. పైవాళ్లు బైపాస్ వైపు మొగ్గుతున్నారు. నోట్ ఫైలు పెట్టాల్సింది నేను. ఏమని రాయమంటారు?
– ఒక సూపరింటెండెంట్ (పేరు వేయవద్దన్నారు)

జవాబు: సూపరింటెండెంట్ గారూ, అడుగుకు ఎంత అన్న దగ్గర మొదలుపెడితే నోట్ ఫైలు తప్పుదారి పడుతుంది. జనం నిలబడే కౌంటరు ఎక్కడ వస్తుంది, రికార్డు రూము ఎక్కడ వస్తుంది, ఈ రెండూ తేల్చండి ముందు. అద్దె బేరమాడి తగ్గించుకోవచ్చు గానీ శ్లాబు బలాన్నీ బస్టాండు దూరాన్నీ బేరమాడలేం కదా.

అయినా పైవాళ్లు అడిగేది డబ్బు లెక్కే కాబట్టి అదే చేద్దాం. బైపాస్ భవనానికి నెలకు 2,40,000. వాడుకకు వచ్చే 7,000 అడుగుల మీద పంచితే అడుగు 34 దాటుతుంది. బ్యాంకు భవనానికి 2,88,000, 7,200 మీద పంచితే సరిగ్గా 40. పన్నెండు రూపాయల తేడా ఆరు లోపుకు వచ్చేసింది చూడండి. ఇక బైపాస్ దాకా రావడానికి మనిషికి ఆటోకు రానూపోనూ ఒక్క 60 రూపాయలు అదనంగా అవుతుందనుకున్నా, 150 మందికి రోజుకు 9,000, నెలకు 24 పనిదినాలనుకుంటే 2,16,000. అంటే కార్పొరేషన్ 48,000 మిగుల్చుకోవడానికి ఊరి జనం జేబులోంచి రెండు లక్షల పైన ఖర్చు పెట్టిస్తున్నాం. వచ్చేవాళ్లలో ఇంటి పన్ను పేరు మార్పిడి కోసం తిరిగే ముసలివాళ్లుంటారు, కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లుంటారు. ఈ లెక్కను నోట్‌లో ఉన్నదున్నట్టు పెట్టండి, ఆటో రేటు మాత్రం మీ ఊరిది కనుక్కుని వేయండి.

దూరం తెచ్చే ఇబ్బంది మనవాళ్లకు కొత్తేమీ కాదు. 2016లో హైదరాబాద్ నుంచి ఆంధ్రప్రదేశ్ శాఖలు తరలి వచ్చినప్పుడు సచివాలయం వెలగపూడిలో, శాఖాధిపతుల ఆఫీసులేమో విజయవాడ, గుంటూరు, గొల్లపూడి, మంగళగిరి వైపు ఎక్కడ భవనం దొరికితే అక్కడ. ఒక్క పని మీద వచ్చినవాడు రెండు మూడు చోట్లకు తిరగాల్సి వచ్చేది. అప్పుడున్న తొందరలో అది తప్పలేదనుకోవచ్చు. మీకు ఆ తొందర లేదు. న్యూయార్క్ నగరంలో అయితే కార్పొరేషన్ ఆఫీసుకు అద్దె స్థలం తీసుకోవాలంటే చార్టర్ (నగర పాలన చట్టం) 195వ సెక్షన్ కింద సిటీ ప్లానింగ్ కమిషన్ బహిరంగ విచారణ పెట్టాలి. మీకు అలాంటి రూలు అడ్డు లేకపోయినా, ఒక వారం కౌంటరు దగ్గర కాగితం పెట్టి ఎవరు ఎక్కడి నుంచి ఎలా వస్తున్నారో రాయించండి, అదే ఫైలుకు బలం.

అపార్ట్‌మెంటు మాట. 20 రూపాయలకు ఎందుకిస్తున్నారో ముందు అడగాలి. ఇళ్ల గదులకు శ్లాబు డిజైన్ చేసేటప్పుడు చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క వేస్తారు, ఆఫీసు రికార్డులు పెట్టే గదికి 500 కిలోలు వేయాలి, ఇది భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పేది. కాగితం బరువు ఎంతో కళ్లారా చూడాలంటే ఒక ఏ4 రీము తూచండి, రెండున్నర కిలోలు తూగుతుంది, మందం అయిదు సెంటీమీటర్లు. మీటరు పొడవు అరలో అలాంటివి ఇరవై పడతాయి, యాభై కిలోలు. ఆరు అరల ర్యాకు నిండితే మూడు వందల కిలోలు, అది కూర్చునే చోటు అర చదరపు మీటరు కూడా ఉండదు. ర్యాకుల మధ్య అంతే నడవ వదిలినా సగటున చదరపు మీటరుకు మూడు వందల కిలోలు దాటుతుంది. చోటు కలిసొస్తుందని కాంపాక్టర్లు, అంటే పట్టాల మీద ఒకదానికొకటి ఆనేలా జరిపే ర్యాకులు కొంటే నడవలు కూడా పోయి బరువు ఇంకా పెరుగుతుంది. దశాబ్దాల అసెస్‌మెంటు రిజిస్టర్లు, ప్లాన్ల కట్టలు మోసుకెళ్లి ఎవరి పడకగదిగానో కట్టిన చోట పేరుస్తారా? వద్దండీ.

ఇంకోటి, స్టిల్టు మీద అయిదంతస్తులంటే ఎత్తు 15 మీటర్లు దాటి 18 లోపు ఉండొచ్చు. నివాస భవనానికి ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) 18 మీటర్ల నుంచి కావాలి, వాణిజ్య భవనానికి 15 నుంచే. ఇల్లుగా అవసరం లేని ఎన్‌ఓసీ ఆఫీసుగా అవసరమవుతుంది, అది ఓనరు దగ్గర ఉండదు. కరెంటు మీటర్లు ఇంటి కేటగిరీలో ఉంటే, మార్పించకుండా ఆఫీసు నడిపారంటే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద టారిఫ్‌కు రెట్టింపు లెక్క కట్టి నోటీసు ఇస్తారు. అన్నిటికంటే పెద్ద మాట, డీవియేషన్ ఉందని, అంటే ప్లానుకు భిన్నంగా కట్టారని ఊళ్లో వాళ్లకు నోటీసులిచ్చేది టౌన్ ప్లానింగ్ సెక్షనే. ఆ సెక్షన్ కూర్చునే భవనానికే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకపోతే జనానికి ఏం మొహం చూపిస్తారు? మూడు భవనాల ఫైళ్లూ మీ ఆఫీసులోనే ఉంటాయి, ఇవాళే తీయించి చూడండి.

నా ఓటు బ్యాంకు భవనానికి. స్ట్రాంగ్ రూము ఉండి ఉంటే రికార్డులకు అంతకంటే గట్టి గది దొరకదు, గాలి ఆడే ఏర్పాటు మాత్రం చేయించాలి, లేకపోతే కాగితం చెమ్మ పట్టి పోతుంది. పెద్ద వాన పడినప్పుడు ఆ వీధిలో నీళ్లు ఎంతదాకా వస్తాయో ఓనరును అడక్కండి, ఎదురుగా టీ కొట్టాయన్ని అడగండి. నీళ్లు ఆ గదిలోకి వచ్చేటట్టయితే నేను చెప్పిన లాభం పోయినట్టే, అప్పుడు కింది అరలు ఎంత ఎత్తులో పెట్టాలో మీ ఇంజినీరుతో తేల్చుకోవాలి. వీల్‌చైర్ ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి, అంటే అరుగు మూడడుగుల ఎత్తుంటే ముప్పై ఆరు అడుగుల ర్యాంపు కావాలి, ముందు అంత చోటుందా, లేక మలుపు తిప్పాలా అన్నది టేపు పెట్టి కొలవండి. కౌంటర్లన్నీ కిందే ఉంచి, జనంతో పనిలేని సీట్లు పైకి పంపండి. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ముందే కట్టేవాళ్లకు 5 శాతం రిబేటు కదా, నెలాఖరు క్యూ ఎండలో రోడ్డు మీదకు రాకుండా లోపల పట్టాలి, ఆ క్యూనే కొలతగా పెట్టుకోండి. పార్కింగ్ తక్కువన్నది నిజమే, దానికి విడిగా దగ్గర్లో ఖాళీ స్థలం చూడొచ్చు.

లీజు సంగతి. అయిదేళ్లని చెప్పి పదకొండు నెలల అగ్రిమెంట్లు రాసుకుంటూ పోవద్దు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలి, చేయిస్తే ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లో) కనబడుతుంది. ఆ ఈసీలోనే భవనం ఏ బ్యాంకు దగ్గరైనా తాకట్టులో ఉందేమో చూడండి, ఉంటే బ్యాంకు అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి. రేపు ఓనరు అప్పు కట్టకపోతే వేలానికి వచ్చేది మీరు కూర్చున్న చోటే. గడువులోపు ఓనరు ఖాళీ చేయించకూడదు, మీ సొంత భవనం ముందే పూర్తయితే మూడు నెలల నోటీసుతో మీరు వెళ్లిపోవచ్చు, ఈ రెండు షరతులూ రాయించండి. అద్దె సబబేనని ఆర్ అండ్ బి (రోడ్లు భవనాల శాఖ) ఇంజినీర్లు ఇచ్చే రెంట్ సర్టిఫికెట్ కార్పెట్ ఏరియా మీద, అంటే లోపల వాడుకకు వచ్చే అడుగుల మీద అడగండి. పేపర్లో ప్రకటన ఇవ్వకుండా ఈ మూడే చూసి ఉంటే మాత్రం ఇప్పుడైనా ఇవ్వండి, నాలుగో భవనం బయటపడొచ్చు, పడకపోయినా రేపు ఆడిట్ వాళ్లు అడిగితే సమాధానం ఉంటుంది.

ప్రశ్న: మా భవనాన్ని ప్రభుత్వ ఆఫీసుకు అద్దెకు అడుగుతున్నారు. అద్దె నెలల తరబడి రాదని బంధువులు భయపెడుతున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ భయం ఉత్తదేం కాదు, బిల్లులు ఆగడం అన్నది ఉంది. ఆ అద్దె మీదే మీ ఇంటి ఖర్చో లోను వాయిదానో నడవాలంటే మాత్రం ఇవ్వొద్దు. ఆలస్యమైనా తట్టుకోగలిగితే, అద్దె ఏ పద్దు కింద వస్తుందో, ఈ ఏడాది బడ్జెట్లో దానికి డబ్బు ఉందో లేదో ముందే అడగండి, మంజూరు ఉత్తర్వు కాపీ చేతికి వచ్చాకే తాళాలివ్వండి. గోడలు పగలగొట్టి మార్పులు చేస్తే ఖాళీ చేసేటప్పుడు ఎవరు బాగుచేయించాలో లీజులో రాయించండి, గదిగదికీ ఫొటోలు తీసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.