ఫ్యాను తిరగకపోతే మోటారే పోయినట్టా?

ప్రశ్న: మాది పదేళ్లు దాటిన పెట్రోలు కారు. హైవే మీద ఎంత దూరం వెళ్లినా ఇబ్బంది లేదు. ఊళ్లో ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలిస్తే మాత్రం ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పోతోంది. ఏసీ వేసినా రేడియేటర్ ఫ్యాను కదలడం లేదు. ఫ్యూజు బాగుంది. ఇంజను నడుస్తుండగా ఏసీ వేసి, ఫ్యాను ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరుతో చూస్తే 13.8 వోల్టులు వచ్చాయి. కరెంటు అందుతున్నా తిరగడం లేదు కనుక మోటారు మార్చాల్సిందేనని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మార్చకండి. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, బండి నిలిచినప్పుడు ఆ భారం ఫ్యాను మీద పడుతుంది కనుక, లోపం ఫ్యాను వైపే ఉందన్న మీ అనుమానం సరైనదే. అయితే ప్లగ్గు ఊడదీసి చూసిన 13.8 వోల్టులు మోటారు చెడిపోయిందనడానికి రుజువు కావు. మల్టీమీటరు వాడుకునే కరెంటు దాదాపు లేనట్టే, మోటారుకు మాత్రం సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్ల దాకా కావాలి. వైరులో నాలుగు పోగులే మిగిలినా, రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు) లోపలి స్పర్శబిందువులు కాలి నల్లబడినా, పిన్నులకు చిలుము పట్టినా మీటరు పూర్తి వోల్టేజీనే చూపిస్తుంది. మోటారు తగిలించిన మరుక్షణం ఆ వోల్టేజీ పడిపోతుంది. అటువంటి బండికి కొత్త మోటారు వేసినా అదీ తిరగదు.

ముందుగా ఇంజను ఆపి, బాగా చల్లారిన తర్వాత, మోటారును నేరుగా బ్యాటరీతో పరీక్షించండి. 30 ఆంపియర్ల ఫ్యూజు బిగించిన మందపాటి వైరుతో బ్యాటరీ ప్లస్‌ను, మరో వైరుతో మైనస్‌ను మోటారు వైపు పిన్నులకు కలపండి. ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యాను ఎదురు తిరుగుతుంది కాబట్టి ఏ పిన్ను ఏదో ముందే గుర్తుపెట్టుకోండి. (రెండు వైర్ల సాదా మోటార్లకే ఈ పద్ధతి. వేగాన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ నడిపించే కొత్త కార్లలో ఇలా చేయకూడదు.) ఫ్యాను జోరుగా తిరిగితే మోటారు బాగున్నట్టే. తిరగకపోయినా, కర్రతో మోటారు వీపు మీద తడితే కదిలితే బ్రష్‌లు అరిగాయి, అప్పుడు మెకానిక్ మాటే నిజం.

మోటారు బాగుంటే అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. ప్లగ్గును యథాస్థానంలో పెట్టి, మీటరు సూదులను ప్లగ్గు వెనక నుంచి వైర్ల పక్కగా లోపలికి దూర్చి, ఇంజను నడిపి ఏసీ వేయండి. చేతులు, చీర కొంగు, తువ్వాలు వంటివి ఫ్యాను రెక్కలకు దూరంగా ఉండాలి. నల్ల సూది బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర సూది మోటారు ఎర్త్ (మైనస్) వైరు మీద పెట్టినప్పుడు 0.3 వోల్టులకు మించకూడదు. అక్కడ చాలా వోల్టులు కనిపిస్తే ఎర్త్ దారిలోనే లోపం ఉంది. చాసిస్‌కు, అంటే కారు ఇనుప చట్రానికి, బిగించిన ఎర్త్ బోల్టు తీసి, తుప్పు గీకి, మళ్లీ గట్టిగా బిగించండి. ఎర్త్ బాగుంటే ఎర్ర సూదిని బ్యాటరీ ప్లస్ మీద, నల్ల సూదిని మోటారు ప్లస్ వైరు మీద పెట్టండి. అర వోల్టు దాకా ఫరవాలేదు, ఒక వోల్టు దాటితే నల్ల సూదిని ఒక్కో మజిలీ వెనక్కి జరుపుకుంటూ రిలే దాకా, అక్కడి నుంచి ఫ్యూజు గూటి దాకా వెళ్లండి. అంకె ఒక్కసారిగా తగ్గిన చోటుకూ, దానికి ముందు చూసిన చోటుకూ మధ్యనే లోపం ఉంది.

రిలే టక్కుమని చప్పుడు చేస్తోంది కనుక బాగుందనుకోవద్దు. ఆ చప్పుడు లోపలి తీగ చుట్ట పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. 30, 87 అంకెలున్న కాళ్ల మధ్య స్పర్శ కాలిపోయి ఉండవచ్చు. అదే బండిలో అదే నంబరున్న రిలే ఇంకొకటి ఉంటే మార్చి చూడటం అన్నిటికన్నా తేలిక. ప్లగ్గు ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగి ఉందేమో కూడా చూడండి. నా అనుభవంలో పాత కార్లలో ఎక్కువగా దొరికే లోపం అదే.

లోపం దొరికేదాకా ట్రాఫిక్‌లోకి వెళ్లకండి. తప్పనిసరైతే హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టండి, ఇంజను వేడిలో కొంత అటు పోతుంది. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయకండి. లోపల ఒత్తిడి ఉంటుంది కనుక కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలిచి ఉంటుంది, మూత తీయగానే ఎగిసి ముఖం మీద పడుతుంది.

ప్రశ్న: మా కారులో ఫ్యాను ఫ్యూజు 30 ఆంపియర్లది. వారానికోసారి పోతోంది. 40 వేస్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వేయకండమ్మా. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. 40 వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలి, బానెట్ కింద మంట పుట్టవచ్చు. మోటారు ప్లగ్గు ఊడదీసి, కొత్త 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, ఏసీ వేయండి. వెంటనే పోతే వైరు ఎక్కడో ఒరుసుకుని చాసిస్‌కు తగులుతోంది. పోకపోతే బ్యాటరీ మైనస్ తీసేసి రెక్కలను చేత్తో తిప్పి చూడండి. బిగుతుగా, గరగరమంటూ తిరిగితే బేరింగు అరిగిన మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందని అర్థం. మీ విషయంలో మోటారు మార్చడమే మంచిది.