అమెరికాలోని 13 వలసలు బ్రిటన్ నుంచి ఎందుకు విడిపోయాయి?

తమ ప్రతినిధులు లేని బ్రిటిష్ పార్లమెంటుకు తమపై పన్ను వేసే అధికారం ఉందా అన్న వివాదం తెగకపోవడమే ప్రధాన కారణం. ఫ్రాన్స్‌తో 1763లో ముగిసిన యుద్ధం బ్రిటన్‌ను అప్పుల్లో ముంచగా, అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చును వలసలే కొంత భరించాలని లండన్ భావించింది. పన్నులు వేసే హక్కు తాము ఎన్నుకున్న స్థానిక సభలదేనని వలసవాసులు పట్టుబట్టారు. ఉదాహరణకు, పత్రికలపైనా దస్తావేజులపైనా సుంకం విధించిన 1765 నాటి స్టాంపు చట్టాన్ని తీవ్ర ప్రతిఘటన వల్ల మరుసటి ఏడే రద్దు చేయవలసి వచ్చింది.

తేయాకు ధర పెరిగినందుకే 1773లో బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను నీళ్లపాలు చేశారనుకోవడం పొరపాటు. ఆ ఏటి చట్టంతో ఈస్టిండియా కంపెనీ (మన దేశాన్ని ఏలిన కంపెనీయే) తేయాకు నిజానికి చౌకైంది. నిరసనకారుల అభ్యంతరమల్లా పార్లమెంటు విధించిన పాత సుంకం అలాగే కొనసాగడం, అమ్మకాలు కంపెనీ గుప్పిట్లోకి పోవడం. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడినా, బ్రిటన్ దానిని అంగీకరించింది 1783 పారిస్ ఒప్పందంలోనే.