మీరు ఏరు దాటాలా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ అయ్యింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. మావయ్య బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్‌లో చేరమంటున్నాడు. నాన్నేమో ‘కాంపౌండరు పనికి నాలుగేళ్ళ చదువా’ అంటున్నారు. ఇది చదివి మా వైపు క్లినిక్ పెట్టుకోవచ్చా అక్కా? గోదావరి మధ్య లంకలకి డాక్టర్లు రారు కదండీ.
— ఓ చెల్లెలు, ముమ్మిడివరం

జవాబు: ముందు క్లినిక్ సంగతి తేల్చేద్దాం తల్లీ. పెట్టకూడదు. సొంతంగా మందు రాయడం మన ఫిజీషియన్ అసిస్టెంట్ల పని కాదు. డాక్టరుగారి కింద, ఆయనకి చెప్పి చేస్తాం. ఇది చిన్నతనం అనిపిస్తే ఈ కోర్సు జోలికి రావద్దు.

నాన్నగారికి ఇలా చెప్పు. మన దేశంలో ఈ చదువు 1992లో మద్రాసు మెడికల్ మిషన్‌లో మొదలైంది, గుండె సర్జన్ కె.ఎం.చెరియన్ గారి చొరవతో. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో మన వృత్తి పేరు కూడా ఉంది. చేరేముందు కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందో లేదో చూసుకో. మంచాలు లేనిచోట నేర్చుకునేది ఏమీ ఉండదు.

నేను పదమూడేళ్ళుగా గుండె ఆపరేషన్ల దగ్గర చేస్తున్నాను, ఇప్పుడు కాకినాడలో. బైపాస్ రోజున సర్జన్ గారు ఛాతీ దగ్గర ఉంటే నేను కాలి దగ్గర ఉంటాను. గుండెకి కొత్త దారిగా కుట్టడానికి చీలమండ పైనుంచి సిర తీసి, దాని పిల్లకొమ్మలకి ఒక్కోదానికీ ముడేసి, సిరంజితో సెలైన్ ఎక్కించి ఎక్కడైనా చెమ్మ కారుతోందా అని చూస్తాను. కారితే అక్కడ ఇంకో ముడి. సిరని తలకిందులు చేసి అందించాలి, లేకపోతే లోపలి కవాటాలు రక్తాన్ని అడ్డుకుంటాయి. కాంపౌండరు పనో కాదో నాన్నగారినే చెప్పమను.

నా తప్పొకటి చెప్తాను. అప్పుడు వేరేచోట చేసేదాన్ని. పి.గన్నవరం వైపు లంక రైతుకి మెకానికల్ వాల్వు వేశారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ బిళ్ళ, నెలకోసారి రక్తపరీక్ష. డిశ్చార్జి కాగితం నేనే రాశాను, పరీక్ష తేదీ నేనే వేశాను. 2022 జూలై. వరదొచ్చింది, ఏరు దాటే కాజ్‌వే మునిగింది, పరీక్షకి రాలేకపోయారు. ఆయన మాత్రం బిళ్ళ మానలేదు పాపం. ఇంట్లో ఉన్నదల్లా బియ్యం, కందిపప్పు, ఆవకాయ. ఆకుకూర కంటపడలేదు. ఆకుకూరలో ఉండే విటమిన్ కె తగ్గితే వార్ఫరిన్ జోరు పెరుగుతుంది. మూడువారాలకి చిగుళ్ళమ్మట రక్తంతో వచ్చారు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాల్సింది, ఏడు దాటింది. బతికారు. ‘తోటకూర గురించి ఎవరూ చెప్పలేదండి, ఆయ్’ అన్నారు. చెప్పాల్సింది నేను. ‘ఆకుకూరలు మితంగా’ అని ఓ ముక్క రాసి ఊరుకున్నాను. మితం అంటే ఆయన మానేయడం అనుకున్నా తప్పులేదు. ఎప్పుడూ తినేంతే తినాలని, మానకూడదని, ఎక్కువా చేయకూడదని నోటితో చెప్పాలి.

ఇప్పుడు నెలకో ఆదివారం మా ఫిజీషియన్ గారితో పంటు పడవెక్కి లంకలకి బీపీ, షుగరు చూడడానికి వెళ్తాం. అక్కడ నన్ను ‘డాక్టరమ్మగారండీ’ అంటారు. కాదు మామ్మా అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతుంది. బిళ్ళ మార్చమంటే అరుగు మీద కూర్చున్న డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్తాను. నీకు లంకల మీద ప్రేముంటే ఇలా వెళ్ళొచ్చు, బోర్డు కట్టుకుని కాదు.

ఇక మా వార్డులో పరీక్ష తేదీ వేసేముందు ఎవరినైనా ఒకటే అడుగుతాను, ‘మీరు ఏరు దాటాలా?’ అని. అవునంటే ఇవతలి గట్టున చుట్టాలెవరున్నారో కనుక్కుని, వాళ్ళ ఫోన్ నంబరు కేస్ షీటు మీదే రాసుకుంటాను.