బెర్గమో నుంచి షార్లెరువా ఎంత దూరం?

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలో బెర్గమోలో, అమ్మాయి బెల్జియంలో షార్లెరువాలో ఉంటున్నారు. ముందు అబ్బాయి దగ్గర దిగి, అక్కణ్నుంచి విమానంలో అమ్మాయి దగ్గరికి పోదామనుకుంటున్నాం. ఫోన్‌లో దూరం ఒకచోట 660 కి.మీ., ఇంకోచోట 900 అని ఉంది. ప్రయాణం ఒకచోట 48 నిమిషాలు, టికెట్ మీద గంటన్నర. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: దూరాలు రెండూ నిజమే. 900 రోడ్డు లెక్క. మధ్యలో ఆల్ప్స్ కొండలు అడ్డం కాబట్టి రోడ్డు స్విట్జర్లాండ్ మీదుగా చుట్టు తిరుగుతుంది. 660 నేరుగా గీత గీసి కొలిచింది. శంషాబాద్ నుంచి ముంబై ఇంచుమించు అంతే, 620.

కావాలంటే కాగితం మీద మీరే చూసుకోవచ్చు. బెర్గమో అక్షాంశం 45.67, షార్లెరువాది 50.46. అక్షాంశం ఒక డిగ్రీకి 111 కి.మీ. కాబట్టి, తేడా 4.79ని 111తో గుణిస్తే 532 కి.మీ. రేఖాంశాల తేడా 5.24. దీన్ని కూడా 111తో గుణిస్తే లెక్క తప్పుతుంది. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి: నల్లగొండ దగ్గర ఒక డిగ్రీకి 106 కి.మీ. ఉంటే, అక్కడ 74 మాత్రమే. అంటే 388 కి.మీ. రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 658 వస్తుంది.

ఇక ఆ 48 నిమిషాలు మాత్రం పనికిరాని అంకె. 660ని గంటకు 830 కి.మీ. వేగంతో భాగిస్తే వచ్చింది. ఇంత చిన్న దారిలో విమానం ఆ వేగంతో పోయేది సగం దూరం కూడా ఉండదు. పైకెక్కడానికి దాదాపు ఇరవై నిమిషాలు, దిగడానికి అంతకన్నా కాస్త ఎక్కువే పడుతుంది. దారి కూడా గీత గీసినట్టు ఉండదు. గాలిలో గంటా పది, రన్‌వే దాకా పోవడానికి, దిగాక గేటుకు రావడానికి పావుగంట, ఆపైన ఆలస్యాలకు కొంత వెసులుబాటు. టికెట్ మీది గంటన్నరే నమ్మండి.

అయినా మీకు పూట గడిచిపోతుంది. ర్యాన్ఎయిర్ అనే విమాన సంస్థలో అయితే లగేజీ కౌంటర్ 40 నిమిషాల ముందు, గేటు 20 నిమిషాల ముందు మూసేస్తారు. రెండు గంటల ముందే చేరండి. రెండూ ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాలే, మామూలుగా ఇమిగ్రేషన్ క్యూ ఉండదు. కానీ పాస్‌పోర్టు జిరాక్స్ చెల్లదు, అసలుదే చేతిలో ఉండాలి. ఇంకో మాట: టికెట్ మీద బెర్గమోకు 'మిలాన్' అని, షార్లెరువాకు 'బ్రసెల్స్' అని ఉంటే మోసపోవద్దు. ఇండియా నుంచి మిలాన్ పెద్ద విమానాశ్రయం మల్పెన్సాలో దిగితే బెర్గమో విమానాశ్రయానికి రోడ్డున 80 కి.మీ. పైనే. బ్రసెల్స్ అసలు విమానాశ్రయం జావెంటెమ్‌లో ఉంది, షార్లెరువాలో కాదు. అమ్మాయిని షార్లెరువాకే రమ్మనండి.

ప్రశ్న: బెర్గమో నుంచి లండన్ స్టాన్‌స్టెడ్‌కు టికెట్‌లో పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు మూడు గంటలు కనిపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: దూరం సుమారు 980 కి.మీ., ఎటు పోయినా రెండు గంటల ప్రయాణమే. ఇంగ్లండ్ గడియారం ఇటలీకన్నా గంట వెనక. టికెట్‌లో ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి.