బెంచి మీదికి వెళుతున్న హారికకు

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

అమెరికాలో ఒక మహిళా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టువారు నిన్ను వీడియో విశ్లేషణకూ, మ్యాచ్‌లలో సహాయ కోచ్‌ల పక్కన కూర్చునే పనికీ తీసుకున్నారని మొన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి కనిపించిన ప్రతివారికీ చెప్పుకుంటున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం మనసు మనసులో ఉండడం లేదు. దూరదేశమని కాదు, చలి అని కాదు. నీకు అంకెల మీద చిన్నప్పటి నుంచీ ఉన్న మక్కువ నాకు తెలుసు కాబట్టి.

అందరూ చెప్పేవి ఒక్క మాటలో ముగిస్తాను. ప్రాక్టీసుకు అందరికంటే ముందు వెళ్లు, సామాన్లు మోసే వారి పేర్లు కూడా నేర్చుకో, జట్టు లోపలి మాట బయట అనకు, వేళకు తిను. ఇక అసలు విషయానికి వస్తాను.

2017 మార్చి 24న బోస్టన్‌లో, అమెరికా పురుషుల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని ఫీనిక్స్ సన్స్ జట్టు ఆడిన మ్యాచ్‌ను నువ్వు వీడియోలో తప్పక చూసి ఉంటావు. మళ్లీ చూడు, ఈసారి బంతిని వదిలేసి, కోచ్‌లూ మారు ఆటగాళ్లూ కూర్చునే సన్స్ బెంచిని చూడు. సన్స్ ఆటగాడు డెవిన్ బుకర్‌కు అప్పటికి ఇరవయ్యేళ్లు. మొదటి సగంలో 19 పాయింట్లు చేశాడు, మూడో క్వార్టర్‌లో 23, నాలుగో దానిలో 28, మొత్తం 70. ఎన్‌బీఏ చరిత్రలో అంతకుముందు అయిదుగురే చేరిన మెట్టు అది, అంత చిన్న వయసులో చేరిన వాడు అప్పటికి మరొకడు లేడు. కుర్రవాడి ఆట అద్భుతం, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కాని చివరి నిమిషంలో ఓటమి ఖాయమని తెలిసిపోయాక కూడా సన్స్ కోచ్ ఎర్ల్ వాట్సన్ గడియారం ఆపే టైమౌట్లు అడుగుతూ పోయాడు, బంతి మళ్లీ తమ చేతికి రావాలని ఆటగాళ్లు కావాలనే ఫౌల్ చేశారు. బోస్టన్ 130–120తో గెలిచింది. ఆ తరవాత డ్రెస్సింగ్ రూములో, ఓడిన జట్టంతా బుకర్ చుట్టూ చేరి ఫొటో దిగింది.

నేను తప్పు పట్టేది ఆ కుర్రవాణ్ని కాదు, ఆనందపడిన తోటివారినీ కాదు. ఆ జట్టులో చాలామంది పసివాళ్లు. గెలుపోటముల కంటే ఒకరి లెక్క ముఖ్యమని ఆ చివరి టైమౌట్లలో వారికి నేర్పినది బెంచి. వారిలో ఎవరు ఎవరిని వదిలేసి డిఫెన్స్‌లో వెనకబడ్డారో, ఆ 130 ఎలా వచ్చాయో ఆ రాత్రి ఎవరు అడిగి ఉంటారు? ఆ సీజన్‌లో సన్స్ 24 మ్యాచ్‌లు గెలిచి 58 ఓడారు. తరవాతి సీజన్ మొదటి మ్యాచ్‌లోనే పోర్ట్‌లాండ్ చేతిలో 124–76తో చిత్తయ్యారు, మూడు మ్యాచ్‌లకే వాట్సన్ ఉద్యోగం పోయింది. ఆ ఒక్క రాత్రి వల్లనే ఇదంతా జరిగిందని నేను అనను. అయితే ఆ బెంచి మీద కూర్చున్న సహాయకులలో ఒక్కరైనా లేచి, ‘ఇక చాలు, ఆట ముగిద్దాం’ అని కోచ్ చెవిలో చెప్పి ఉండవలసింది. హారికా, ఆ కుర్చీలోకే నువ్వు వెళుతున్నావు.

దానికి దాదాపు నాలుగు నెలల ముందే, 2016 డిసెంబరు 5న, గోల్డెన్ స్టేట్ జట్టు ఆటగాడు క్లే థాంప్సన్ ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు చేశాడు. ఆ 60కి అతడు బంతిని నేల మీద కొట్టినది పదకొండు సార్లే, బంతి అతడి చేతిలో ఉన్నది మొత్తం మీద నిమిషంన్నర. అంటే ప్రత్యర్థులకు అడ్డుగా నిలిచి, ఆట భాషలో తెరలు కట్టి, దారి చేసినవారూ, అతడు చేయి చాచేసరికి బంతి అందించినవారూ ఆ 60లో ఉన్నారు. జట్టు ఎంతో ముందుంది గనుక కోచ్ స్టీవ్ కెర్ మూడో క్వార్టర్ చివర అతణ్ని కూర్చోబెట్టి, మళ్లీ దింపలేదు. రికార్డు కోసం ఇంకాస్త ఆడించి ఉండవచ్చని అన్నవారు ఉన్నారు. నేను అనను.

నీకు పదేళ్లప్పుడు మన హైస్కూలు సిమెంటు కోర్టు పక్కన స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చునేదానివి. ఒక సాయంత్రం ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో గడగడా ఒప్పచెప్పావు. ఆ అమ్మాయికి బంతి ఇచ్చినది ఎవరని అడిగితే నీళ్లు నమిలావు. గట్టిగా కసిరాను, ఏడ్చావు. మరునాడు ఎవరూ చెప్పకుండానే ప్రతి బాస్కెట్ పక్కన పాస్ ఇచ్చిన పిల్ల పేరు కూడా చిన్న అక్షరాలతో రాసి తెచ్చావు. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది తల్లీ.

నీ పనికి దగ్గరి ఉదాహరణ బెకీ హామన్. 2020 డిసెంబరు 30న శాన్ ఆంటోనియో ప్రధాన కోచ్ పొపొవిచ్‌ను రిఫరీలు బయటికి పంపినప్పుడు, ఆయన సహాయ కోచ్‌గా ఉండి ఎన్‌బీఏ మ్యాచ్‌లో జట్టును నడిపిన తొలి మహిళ ఆమె. ఆమె శిక్షణలోని మహిళల జట్టు లాస్ వెగాస్ ఏసెస్‌ను జాగ్రత్తగా చదువు. 2024లో ఆ జట్టు తార అయిజా విల్సన్ ఒకే సీజన్‌లో వెయ్యి పాయింట్లు దాటిన తొలి డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల లీగ్) క్రీడాకారిణి అయింది, మ్యాచ్‌కు సగటున 26.9. ఆ ఏడు జట్టు సెమీఫైనల్లోనే న్యూయార్క్ చేతిలో ఆగిపోయింది. 2025లో ఆమె సగటు 23.4కు తగ్గింది. ఆగస్టు 2న మినెసోటా చేతిలో ఏసెస్ 53 పాయింట్ల తేడాతో ఓడారు. అక్కడి నుంచి సీజన్ చివరిదాకా వరుసగా పదహారు గెలిచి, ఫైనల్లో ఫీనిక్స్ మహిళల జట్టును 4–0తో ఓడించారు. నువ్వు వీడియోలో వెతకవలసినది ఆ 53కూ పదహారుకూ నడుమ ఏం మారిందన్నది. డిఫెన్స్‌లో ఎవరి అడుగు ఎక్కడికి జరిగిందో, విల్సన్ మీదికి ఇద్దరు వచ్చినప్పుడు బంతి ఎవరికి వెళ్లిందో చూడు.

మీ జట్టులో కూడా ఒక తార ఉంటుంది, ఆమె ఏదో ఒక మెట్టుకు దగ్గరపడే రోజు వస్తుంది. ఆ రోజు పొద్దున్నే ప్రధాన కోచ్ దగ్గరికి వెళ్లి, మ్యాచ్ తేలిపోయాక ఆమెను ఎంతసేపు ఆడించాలో, ఓడిపోతూ ఉంటే ఏం చేయాలో ముందే మాట్లాడి ఉంచు. జనం అరుస్తున్నప్పుడు నిర్ణయానికి వ్యవధి ఉండదు. ఆ తారతో కూడా ఆమె రాబోయే రికార్డు గురించి నీ అంతట నువ్వు ఎత్తకు, ఆమెకు దాని లెక్క నీకంటే బాగా తెలుసు.

నా అసలు భయం చెబుతాను. నువ్వు కొత్తదానివి, పరాయి ఊరిదానివి, నీకంటే పెద్దవాళ్ల ముందు నోరు విప్పకపోవడం మన ఇంట్లో నేర్పిన మర్యాద. ఆ మర్యాద టైమౌట్‌లో పనికిరాదు. నీ కంటపడిన తప్పును నిమిషంలోపల, ఒక్క వాక్యంలో చెప్పు. వారు వినకపోతే రాత్రి దాని వీడియో ముక్క కోసి పంపు. అయినా వినకపోతే బాధపడకు, మరుసటి మ్యాచ్‌కు మళ్లీ చెప్పు.

ప్రయాణానికి ముందు ఒకసారి ఇంటికి రా. పెద్దమ్మ నీకోసం పచ్చళ్లు కడుతోంది, విమానంలో ఎన్ని కిలోలు ఒప్పుకుంటారో కనుక్కుని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న