పక్షం ఒక్కోసారి 14 రోజులకే ఎందుకు ముగుస్తుంది?

పక్షమంటే 15 రోజులు కాదు, 15 తిథులు. తేడా అంతా అక్కడే ఉంది. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి తిథి సుమారు 19 గంటల్లోనే అయిపోవచ్చు, 26 గంటల దాకా సాగవచ్చు. సాధారణంగా సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా లెక్కిస్తాం. రెండు సూర్యోదయాల మధ్యే మొదలై ముగిసిపోతే అది క్షయతిథి, రెండు సూర్యోదయాలకూ ఉంటే వృద్ధి. అందుకే పక్షం 14 రోజులకు తగ్గుతుంది, 16కి పెరుగుతుంది. చాలా అరుదుగా 13 కూడా.

ఇంకో మాట. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదిలో పౌర్ణమితో. కృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళ అష్టమి, వాళ్లకు భాద్రపదం. పండగ రోజు మాత్రం ఒకటే!